కిటికీలో రాతి తామరలు

ఆ మొక్క మా ఇంటికి ఒక బంగళా వెనక పారేసిన చెత్తలోంచి వచ్చింది. జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళా అది. నేను అక్కడ కాస్ట్యూమ్స్ వాళ్ళ దగ్గర కుట్టుపనికి వెళ్ళేదాన్ని. జాకెట్టు బిగుతైతే కుట్లు విప్పి వదులు చేయడం, ఊడిన హుక్కులు వేయడం, డాన్సు అమ్మాయిల పావడాలకు అంచులు కుట్టడం నా పని. ఆ రోజు షూటింగ్ ముగిసి సామాను లారీకి ఎక్కిస్తున్నారు. మెట్ల మీద అందానికి పేర్చిన పూలకుండీల్లో పగిలినవాటిని తీసి వెనక గోడ పక్కన పడేశారు. ఆ పెంకుల మధ్య తలకిందులుగా పడి ఉంది ఈ మొక్క.

చేతిలోకి తీసుకుంటే అరచేయంత ఉంది. దళసరి ఆకులు ఒకదాని మీద ఒకటి తామరరేకుల్లా సర్దుకుని ఉన్నాయి. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు, కొసల్లో కొంచెం ఎరుపు, ఒళ్ళంతా విభూతి రాసినట్టు తెల్లటి పొడి. వేళ్ళకు మట్టి లేదు. అయినా వాడలేదు. ఎందుకో వదిలి రాబుద్ధి కాలేదు. టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

మంచం మీద ఉన్న నా భర్తకు చూపించాను.

"ప్లాస్టిక్‌దా?" అన్నారు.

"కాదండీ, నిజందే."

"సెట్లోది నిజందెలా అవుతుంది?" అని చేయి చాచి, ఒక ఆకును గోటితో గిల్లారు. నీరు ఊరింది. వేలు లుంగీకి తుడుచుకుని, "దీనికేం కావాలంట?" అన్నారు.

"ఏం అక్కర్లేదనుకుంటా. చెత్తలో పడున్నా బతికే ఉంది."

"అదృష్టం," అని తల గోడవైపు తిప్పుకున్నారు.

ఆ మాట ఎందుకన్నారో నాకు తెలుసు. అప్పటికి ఏడాది పైగా ఆయనకు ప్రతిదీ ఇంకొకరు చేయాల్సి వచ్చేది. పక్కకు ఒత్తిగిల్లడానికి నేను కావాలి. ఒళ్ళు తుడవడానికి నేను కావాలి. మూత్రం గొట్టం మార్చడానికి నేను కావాలి. నేను పనికి పోయినప్పుడు మాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటామె వచ్చి ఒకసారి చూసి పోయేది. మిగతా పొద్దంతా కిటికీ, పైకప్పు, ఆయన.

ఆయన ఫైటర్. సినిమాల్లో హీరో కొడితే ఎగిరిపడే మనుషుల్లో ఒకరు. మాది గుడివాడ దగ్గర పల్లె. పెళ్ళయ్యాక మద్రాసులో కాపురం పెట్టాం. పిల్లలు కలగలేదు. ఎనభైల్లో షూటింగులు హైదరాబాదుకు తరలుతుంటే పని వెనకాలే మేమూ వచ్చేశాం. ఫిల్మ్‌నగర్‌లో అప్పటికి ఇళ్ళకంటే రాళ్ళే ఎక్కువ. మేం అద్దెకు దిగిన రెండు గదులూ ఒక పెద్ద బండరాయికి ఆనించి కట్టినవి. వెనక గోడంటూ వేరే లేదు, రాయే గోడ. ఎండాకాలం పొద్దుగూకినా అది సెగలు చిమ్ముతూనే ఉండేది.

అలాంటి రాళ్ళ మధ్యే ఆయన పడ్డారు. గుట్ట అంచు మీంచి వెల్లకిలా కిందికి పడాలి. కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపులు వేస్తారు. మొదటి టేక్‌లో సరిగ్గానే పడ్డారు. ఇంకొకటి తీద్దామన్నారు. ఎండ దిగిపోతోందని అందరికీ తొందర. మొదటిసారికే ఒక పక్క పెట్టెలు నలిగిపోయాయి, వాటిని ఎవరూ మార్చలేదు. రెండోసారి ఆయన ఆ పక్కనే పడ్డారు. ఆసుపత్రిలో చాలా కాలం ఉంచుకుని, చివరికి డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "నడుం కింద ఇక స్పర్శ రాదమ్మా. ఇంటికి తీసుకెళ్ళి జాగ్రత్తగా చూసుకోండి," అన్నాడు. జాగ్రత్తగా అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు.

ఆ సినిమా విడుదలయ్యాక ఆయనతో కలిసి పనిచేసే ఫైటర్ ఒకతను చూడడానికి వచ్చాడు. ఈయన వేరే ఏమీ అడగలేదు.

"ఏ టేక్ పెట్టారు?"

అతను నా వైపు చూశాడు. "మొదటిదే అన్నా."

"బాగుందా?"

"బాగుందన్నా. హాల్లో ఈలలే ఈలలు."

ఈయన తల ఊపారు. కాఫీ తాగి వెళ్ళరా అన్నారు. అతను వెళ్ళాక పెట్టిన అన్నం పెట్టినట్టే తీసేశాను. మర్నాడూ అంతే.

మొక్క వచ్చింది ఆ తర్వాతే. పాత నూనె డబ్బా కోసి, ఇంటి ముందు మట్టి నింపి నాటి, ఆయన మంచం పక్క కిటికీలో పెట్టాను. చేతులు ఆడేవి కాబట్టి ఆయనకు అది అందేది. నేను పనిలోకి పోగానే ఆయన తాగగా మిగిలిన నీళ్ళు అందులో వంచేవారట. చూడడానికి వచ్చినవాళ్ళూ అంతే. మంచం మీద మనిషిని చూసి ఏం మాట్లాడాలో తెలియక, గ్లాసులో మిగిలినవి మొక్కకు పోసేవారు. వర్షాలు మొదలయ్యాయి. ఒకరోజు కింది ఆకులు పచ్చబడి, గాజులా అయి, పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చాయి. మొదలు నల్లగా, మెత్తగా అయిపోయింది. దుర్వాసన.

ఇంటామె అది చూసి నవ్వింది. ఆమెది ఈ చుట్టుపక్కలే, ఈ రాళ్ళు కొట్టి బతికిన కుటుంబం. "ఏందమ్మా గిది? తామర పువ్వు లెక్క ఉన్నదని దీన్ని చెరువుల ముంచుతరా? గిది రాతి తామర. గట్ల నీళ్ళు పోస్తే కుళ్ళదా?"

"మరేం చేయాలి పెద్దమ్మా?"

"నాకేం ఎరుక బిడ్డా. మా రాళ్ళల్ల మొలిచే వాటికి ఎవడు పోస్తుండు నీళ్ళు?"

అంతకుమించి ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. నేను దాన్ని డబ్బాతో సహా బయట పెట్టేశాను. కానీ రాలిన ఆకుల్లో కుళ్ళనివి రెండు మూడు కిటికీ గట్టు మీదే ఉండిపోయాయి. ఊడ్చడానికి నాకు తీరలేదు.

కొన్ని వారాలు పోయాక ఒకరోజు నేను వంటింట్లో ఉన్నాను. "ఏమే, ఇటు రా," అని కేక. ఏదో అయిందనుకుని పరుగెత్తాను. ఆయన మోచేతి మీద లేచి కిటికీలోకి చూస్తున్నారు. పడ్డాక ఆయన తనంతట తాను అంత పైకి లేవడం అదే మొదటిసారి.

"ఇది చూడు."

సిమెంటు గట్టు మీద, మట్టి లేదు, నీళ్ళు లేవు, ఆ ముడతలు పడ్డ ఆకు మొదట్లోంచి గులాబీ రంగు దారాల్లాంటి వేళ్ళు వచ్చాయి. వాటి పక్కన మిరియపు గింజంత పిల్ల తామర. చూడబోతే అన్ని రేకులూ ఉన్నాయి దానికి.

"దీన్నెవరూ ముట్టుకోలేదు," అన్నారు ఆయన. "నీళ్ళొద్దు. ఏమీ చేయొద్దు. అలా ఉండనీ."

ఆ రోజు నుంచి కిటికీ ఆయనదైపోయింది. చేసి చూసి, పోగొట్టుకుని నేర్చుకున్నారు. మట్టి ఒక్కటే పెడితే నీరు నిలుస్తుందని ఇంటామె చేత రాతిపొడి, సన్న కంకర తెప్పించారు. ఫిల్ము రీళ్ళు పెట్టే పాత రేకు డబ్బాల మూతలకు మేకుతో బెజ్జాలు కొట్టించారు. ఆకును మొదలంటా పక్కకు ఒంచి తుంచాలి, సగంలో తెగితే మొలకెత్తదు. తుంచిన వెంటనే మట్టిలో గుచ్చకూడదు, గాయం ఆరేదాకా నీడలో పడేయాలి. వేలు పెట్టి చూస్తే లోపలి దాకా పొడిగా ఉన్నప్పుడే నీళ్ళు, అదీ మొదట్లోకి, రేకుల మధ్యకు కాదు. వానాకాలం దాదాపు ఏమీ పోయకూడదు. ఎండాకాలం రాయి సెగకు అవి ముడుచుకుని నిద్రపోతాయి, అప్పుడు కదిలించకూడదు. ఇవన్నీ నాకు పాఠంలా చెప్పేవారు. నేను ఆయన వీపు తుడుస్తూ వినేదాన్ని. ఆ కొద్దిసేపు ఆయన గొంతు మద్రాసులో కుర్ర ఫైటర్లకు పడడం నేర్పే రోజుల నాటి గొంతులా ఉండేది.

చలికాలంలో ఒక మొక్క నుంచి వంపు తిరిగిన కాడ లేచి, నారింజ రంగు గంటల్లా పూలు వచ్చాయి. ఇంటామె వచ్చి చూసి, "గీ మొండి దానికి పువ్వు గిట్ల వస్తదా!" అని చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడింది.

వచ్చినవాళ్ళకు ఒక్కో పిల్లమొక్క ఇవ్వడం మొదలుపెట్టారు. శ్రీనగర్ కాలనీ నుంచి ఒక పాత డాన్సు మాస్టారు వచ్చి పట్టుకెళ్ళాడు. తోటి ఫైటర్లు పట్టుకెళ్ళారు. మళ్ళీ వచ్చినప్పుడు ఈయన మొదట అడిగేది దాని గురించే. అందరూ బాగుందనేవారు. అలా అనేటప్పుడు వాళ్ళు ఎటు చూసేవారో నాకు కనిపించేది. రాను రాను రావడం తగ్గింది. పని ఎక్కువైంది, ఊళ్ళు తిరుగుతున్నాం అని కబురు వచ్చేది. ఈయన నమ్మేవారు, లేదా నమ్మినట్టు ఉండేవారు.

చివరికి ఆ టేక్ సంగతి చెప్పిన ఫైటరే వచ్చాడు. "నీ మొక్క పోయిందన్నా. మా ఆవిడ రోజూ నీళ్ళు పోసిందట," అన్నాడు. అబద్ధం చెప్పలేకపోయాడు, అంతే.

"పోయొద్దని చెప్పానుగా! ఏమీ చేయకండిరా అంటే అదీ చేతకాదా మీకు?" ఈయన గొంతు వీధిలోకి వినిపించింది. "పెట్టెలు మార్చమంటే మార్చరు. నీళ్ళొద్దంటే పోస్తారు."

అతను లేచి నిలబడ్డాడు. ఆ రోజు పెట్టెల దగ్గర అతను కూడా ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది. ఏడుస్తూ వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. ఈయన ఆ తర్వాత ఎవరికీ మొక్క ఇవ్వలేదు.

తొంభైల్లో మా చుట్టూ బంగళాలు లేవడం మొదలైంది. రాళ్ళు పగలగొట్టడానికి మందు పెట్టేవాళ్ళు. మధ్యాహ్నాలు ఒక విజిల్, తర్వాత నేల దద్దరిల్లే పేలుడు. కిటికీ రెక్కలు అదిరేవి, మంచం అదిరేది. తెల్లటి దుమ్ము వచ్చి మొక్కల మీద, ఆయన దుప్పటి మీద ఒకే మందంలో పరుచుకునేది. దుమ్ము చూడలేక ఆయన ఒకరోజు తడిగుడ్డతో ఆకులన్నీ ఒక్కొక్కటే తుడిచారు. దుమ్ముతో పాటు ఆ విభూతి పూతా పోయింది. పోయిన పూత తిరిగి రాలేదు. ఎండ నేరుగా తగిలేసరికి ఆకుల మీద కాల్చిన వాతల్లా గోధుమ మచ్చలు పడ్డాయి.

"శుభ్రం చేద్దామనుకున్నానే," అన్నారు.

"కొత్త ఆకులు వస్తాయిగా."

"వస్తాయి," అన్నారు. కానీ ఆ మాట మీద ఆయనకు నమ్మకం ఉన్నట్టు లేదు.

ఆ ఏడాదే ఆయన వీపు కింద పుండు లేచింది. మొదట రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. నేను పని మానుకుని ఇంట్లో ఉన్నన్ని రోజులు తగ్గేది, పనికి పోతే పెరిగేది. ఆయనకు నొప్పి తెలియదు, అదే ఆ రోగం. పుండు లోతు ఎంతో నేను చూస్తున్నాను, ఆయనకు నా ముఖమే కనిపిస్తుంది. అందుకని ముఖం మామూలుగా పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

కట్టు మార్చేటప్పుడు స్పిరిట్, దూది మంచం మీద పెట్టుకునేదాన్ని. అదే రోజుల్లో మొక్కలకు పిండిపురుగు పట్టింది. రేకుల సందుల్లో తెల్లటి దూదిపింజల్లా ఉండి రసం పీల్చేస్తుంది. ఆయన ఒక అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, బోర్లా పడుకునే ఒక్కో పురుగునూ తీసేవారు. నేను వెనక పుండు కడుగుతుంటే ఆయన ముందు ఆ పని చేస్తుండేవారు. గదంతా స్పిరిట్ వాసన.

ఒకసారి, "ఎంత లోతుంది?" అని అడిగారు.

"తగ్గుతోందండీ."

ఆయన చేతిలో అగ్గిపుల్ల ఆగింది. "ఆ రోజు ఏడ్చి పోయినవాడు కూడా నా మొక్క బాగుందనే చెప్పాడే, చాలాసార్లు," అన్నారు. కోపంగా కాదు. మళ్ళీ పని చేసుకోసాగారు.

జ్వరం వచ్చి తగ్గలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు ఆటోలో పడుకోబెట్టడం కుదరక, ఇంటామె కొడుకు ఎవరినో బతిమాలి వ్యాను తెచ్చాడు. గుమ్మం దాటిస్తుంటే ఈయన ఇంటామెను పిలిచారు.

"పెద్దమ్మా, కిటికీ..."

"ఫికర్ చెయ్యకు తమ్మీ. ఒక్క చుక్క పొయ్యనియ్య ఎవరినీ."

ఆయన ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. రక్తంలో విషం పాకిందన్నారు. చివరి రోజుల్లో స్పృహ వచ్చీపోతూ ఉండేది. ఏవేవో షూటింగుల పేర్లు, మద్రాసు వీధుల పేర్లు వచ్చేవి నోట్లోంచి. నన్ను గుర్తుపట్టిన ఒక్కసారి, "ఎండ దిగిపోతోందా?" అని అడిగారు. వార్డులో ట్యూబులైటు వెలుగుతోంది. లేదండీ, ఇంకా చాలా పొద్దుందన్నాను.

అంత్యక్రియలకు యూనియన్ నుంచి కొందరు వచ్చారు. ఫైటర్లు వచ్చారు. ఏడ్చినతను రాలేదు. పన్నెండో రోజు అయ్యాక ఇల్లంతా కడిగించారు. కడగడానికి వచ్చిన చుట్టాలావిడ మైలని కిటికీ మీదా, మొక్కల మీదా బిందెలతో నీళ్ళు కుమ్మరించింది. నేను పక్క గదిలో ఉన్నాను. ఇంటామె "ఆగు, ఆగు" అని అరవడం వినిపించింది గానీ లేవలేకపోయాను. సగం మొక్కలు ఆ వారంలోనే కుళ్ళాయి. ఇంటామె చాలా బాధపడింది. "నేను మాటిచ్చిన గదా బిడ్డా," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది. నాకు మాత్రం అప్పుడు ఏమీ అనిపించలేదు. కుళ్ళినవాటి తలలు కోసి ఆరబెట్టాలని తెలుసు. చేతులు కదలలేదు.

ఆ తర్వాత ఏడాదిలోపే ఇంటామె కొడుకులు ఆ స్థలం అమ్మేశారు. ఆమెకు ఇష్టం లేదు. ఇల్లు కొన్నవాళ్ళు ముందు మా గదులు కూల్చి, తర్వాత వెనక రాయికి మందు పెట్టారట. నేను చూడలేదు. అప్పటికే మిగిలిన డబ్బాలు ఒక అట్టపెట్టెలో సర్దుకుని మోతీనగర్‌లో ఒక గదికి మారాను. ఎర్రగడ్డ వైపు ఒక టైలరింగ్ షాపులో పని దొరికింది. సినిమా బట్టలు మళ్ళీ కుట్టలేదు.

మోతీనగర్ గదికి ఎండ లేదు. ఎదురుగా ఇంకో ఇంటి గోడ. తామరలు వెలుగు కోసం మెడలు సాచి, రేకులు విడిపోయి, కాడల్లా పొడుగ్గా పెరిగాయి. రంగు పోయి పాలిపోయాయి. వాటిని చూసినవాళ్ళెవరూ పువ్వులా ఉందని అనరు. తలలు కోసి, ఆరబెట్టి, మళ్ళీ నాటేదాన్ని. మళ్ళీ సాగేవి. చావలేదు, అంతే. ఆదివారాలు మేడ మీదికి తీసుకెళ్ళి ఎండలో పెట్టి, మధ్యాహ్నమంతా పక్కనే కూర్చుని కాపలా కాసేదాన్ని.

ఒక ఆదివారం పక్క వాటాలో ఉండే అమ్మాయి మేడ మీదికి వచ్చింది. కొత్తగా పెళ్ళై వచ్చిన పిల్ల. వాళ్ళ అత్తగారు పక్షవాతంతో మంచాన పడిందని అందరికీ తెలుసు.

"ఆంటీ, గివి నీళ్ళు లేకున్నా బతుకుతయంట గదా. ఒకటి ఇయ్యరా? మా అత్తమ్మ మంచం కాడ పెడత. జర మనసుకు మంచిగుంటది."

నేను చేతిలో ఉన్న డబ్బా కింద పెట్టాను. ఆ పిల్ల నవ్వుతూ నిలబడి ఉంది, చేతులకు ఇంకా పెళ్ళి గోరింటాకు పోలేదు.

"మంచం పక్కకు వద్దమ్మా," అన్నాను. "వంటింటి గట్టు మీద పెట్టుకుంటానంటే ఇస్తాను. నీకోసం."

ఆమెకు అర్థం కాలేదు. కొంచెం చిన్నబుచ్చుకుంది. అన్నిటికీ ఇంకొకరు కావాల్సిన మనిషి కళ్ళ ముందు ఏమీ అక్కర్లేని మొక్కను పెట్టొద్దని చెప్పడానికి నేను మాటలు కూడబలుక్కునేలోపే కింద నుంచి అత్తగారి మూలుగు వినిపించి ఆ పిల్ల పరుగెత్తింది. నేను ఎండ దిగేదాకా అక్కడే కూర్చున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.